గుమ్మం దాటని మాటకు ఇంటర్నెట్ ఎందుకు?

"కనెక్ట్ కాలేకపోయాం. మీ ఇంటర్నెట్ కనెక్షన్‌ను సరిచూసుకోండి" అని నా కంప్యూటర్ నాకు హితవు చెప్పింది. మంచి చెప్పేవాళ్లే కరువైన రోజుల్లో ఒక యంత్రమైనా ఆ బాధ్యత నెత్తినేసుకున్నందుకు సంతోషించాలి. ఇబ్బందల్లా ఏమిటంటే, అక్కడ మాట్లాడుకోవాల్సిన రెండు ప్రోగ్రాములూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. ఒకే ప్రాసెసర్, ఒకే మెమరీ, ఒకే ఫ్యాను గాలి. ఒకటి తెరమీద కనిపించే సోకుల ముక్క. రెండోది వెనకాల కూర్చుని అసలు పని చేసే సర్వీసు. మొదటిది సాకెట్, అంటే ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి, తెరిచి తన సొంత మెషిన్‌కే హలో చెప్పాలి. ఆ హలో వైరు ఎక్కదు, వైఫై మొహం చూడదు. కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డులో, ఇటు మునిగి అటు తేలుతుంది, అంతే. దీనికి ఇంటర్నెట్ దేనికో ఆ మెసేజ్ రాసిన మహానుభావుడికే తెలియాలి.

చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతకడం మనకు తెలిసిన సామెతే. పిల్లాడు కనిపించకపోతే ముందు ఊరికి రోడ్డు సరిగ్గా ఉందో లేదో చూసుకోమనడం మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనకిచ్చిన కొత్త కానుక.

నేను విధేయుణ్ని. విషయం పైకి నివేదించాను. గంటలో కాల్ పెట్టారు, పదకొండు మంది చేరారు. పక్కపక్కనే ఉన్న రెండు ప్రాసెసుల మధ్య దూరాన్ని పరిశీలించడానికి నెట్‌వర్క్ విభాగం నుంచి ప్రత్యేకంగా ఇద్దరు వచ్చారు. మొదటాయన గొంతు సవరించుకుని, "రౌటర్ రీస్టార్ట్ చేశారా?" అని అడిగారు.

"దీనికి రౌటర్‌తో పని లేదండీ" అన్నాను.

"పని ఉందని నేనూ అనడం లేదు. ఒకసారి చేస్తే పోయేదేముంది?"

ఈ వాదానికి ఇంతవరకూ ఎవరూ జవాబు కనిపెట్టలేదు. చేశాను. ఏమీ మారలేదు. అప్పుడు రెండో ఆయన, అసలు వైద్యం తన దగ్గరుందన్నట్టుగా, "127.0.0.1కి పింగ్ కొట్టండి" అన్నారు. పింగ్ అంటే ఒక చిరునామాకు "ఉన్నావా?" అని పంపే చిన్న ప్రశ్న, 127.0.0.1 అంటే కంప్యూటర్ తనను తాను పిలుచుకునే చిరునామా. కొట్టాను. నాలుగు జవాబులొచ్చాయి, నాలుగూ ఒక మిల్లీసెకను లోపే. కాల్‌లో ఒక తృప్తి పరుచుకుంది. "చూశారా, ప్యాకెట్ లాస్ జీరో" అన్నారెవరో, పంపిన మూటల్లో ఒక్కటీ దారిలో పోలేదని. మరొకరికి ఉత్సాహం ఆగక 127.0.0.2కి కూడా కొట్టమన్నారు. అదీ పలికింది. పలకదా మరి! 127తో మొదలయ్యే 1,67,77,216 చిరునామాలూ మెషిన్ తనతో తాను మాట్లాడుకోవడానికే కేటాయించినవి. రోజుకు వంద చొప్పున కొట్టుకుంటూ పోయినా ఆ కాల్ ఈ జన్మలో ముగిసేది కాదు. పింగ్‌కు పోర్టులతో (ఒకే చిరునామాలో ఒక్కో ప్రోగ్రాముకు అంకె వేసి ఇచ్చిన తలుపులతో) సంబంధం లేదనీ, "నేనున్నానా?" అని నేనే అడిగి "ఉన్నాను" అని నేనే బదులు చెప్పుకోవడం తప్ప ఇందులో ఇంకేమీ తేలదనీ, ఆ సర్వీసు తన పోర్టులో వింటోందో లేదో దీంతో తెలియదనీ మనవి చేశాను. మనవి రికార్డు చేసుకున్నారు.

తర్వాత రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ వంతు. "ఆపేసి చూడండి" అన్నారు మూడోవారు. ఈ సలహా ఇచ్చేవాళ్లెవరూ మళ్లీ ఆన్ చెయ్యమని చెప్పగా నేను వినలేదు. ఫైర్‌వాల్ సాధారణంగా ప్యాకెట్‌ను గుటుక్కున మింగి ఊరుకుంటుంది. అవతల ప్రోగ్రాము చూసి చూసి చివరికి టైమౌట్ అవుతుంది. ఇక్కడ వస్తున్నది టైమౌట్ కాదు, మొహం మీదే తిరస్కరణ. అంటే తలుపు దాకా వెళ్లాం, లోపల ఎవరూ లేరని కెర్నలే చెప్పింది. రెండూ వేరు వేరు రోగాలు. ఇది చెప్పేలోపు ఎవరో "విండోస్ అప్‌డేట్ అయిందా?" అన్నారు.

ఇక లాభం లేదని ప్రయోగానికి దిగాను. "వైఫై మొత్తం ఆపేస్తాను, ఎర్రర్‌లో ఇసుమంత తేడా కూడా రాదు, చూడండి" అని ఆపేశాను. ఎర్రర్‌లో తేడా రాలేదు. కాకపోతే ఆ నిజాన్ని చూడ్డానికి నేనొక్కణ్నే మిగిలాను, కాల్ కట్ అయింది. కంగారుగా మళ్లీ చేరేసరికి మీటింగ్ ముగిసింది. తీర్మానం రాసేశారు: "వినియోగదారుడి ఇంటర్నెట్ కనెక్షన్ నిలకడగా లేదు."

అందరూ వెళ్లిపోయాక నెట్‌స్టాట్ కమాండ్ కొట్టాను. ఎవరు ఏ చిరునామాలో ఏ పోర్టులో వింటున్నారో వరసగా చూపించే పాతకాలపు కమాండ్. సర్వీసు నిక్షేపంలా నడుస్తోంది, 127.0.0.1లో 8080 దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చుంది. తెరమీద ముక్క వెతుకుతున్నది మాత్రం లోకల్‌హోస్ట్ అనే పేరు, అంటే "ఈ మెషినే" అని. ఆ పేరుకు రెండు చిరునామాలుంటాయి. ఐపీ (ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి) నాలుగో వెర్షన్‌లో 127.0.0.1, ఆరో వెర్షన్‌లో ::1. (కోటిన్నర పైచిలుకు చిరునామాలు తనకే ఉంచుకున్న పాపానికి ఆరో వెర్షన్‌లో ప్రాయశ్చిత్తంగా ఒక్కటే పెట్టారు.) మన ముక్క జాబితాలో ముందున్న ::1 తలుపు తట్టింది. అక్కడ ఎవరూ లేరు. రెండో తలుపు ఒకసారి తట్టి చూద్దామన్న ఓపిక దానికి లేదు. 2021లో నోడ్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపే సాధనం) 17వ వెర్షన్ వచ్చి ఈ రెండింటి వరసలో వేలు పెట్టి 127.0.0.1ను ముందుకు జరపడం మానేసినప్పుడు, అంతవరకు హాయిగా నడిచిన ఎన్నో ప్రోగ్రాములు ఇలాగే రాత్రికి రాత్రి పడకేశాయి. సెట్టింగుల ఫైలులో లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 అని రాశాను. పని చేసింది. పదకొండు మంది, గంటన్నర కాల్, ఒక రౌటర్ ఉసురు, చివరికి మందు తొమ్మిది అక్షరాలు.

న్యాయంగా మాట్లాడాలంటే ఇంటర్నెట్‌ను చూసుకోమనడం సబబయ్యే సందర్భం ఒకటుంది. మెషిన్‌లో ప్రాక్సీ (మన మాటను బయటికి మోసే మధ్యవర్తి కంప్యూటర్) పెట్టి, లోకల్‌హోస్ట్‌ను దాన్నుంచి మినహాయించడం మర్చిపోతే, పక్కనున్న ప్రోగ్రాముకు చెప్పాల్సిన మాట కూడా బయల్దేరి ప్రాక్సీ దాకా వెళ్తుంది. అక్కడ ప్రాక్సీ లోకల్‌హోస్ట్ అంటే తానే కాబోలనుకుని తన ఇంట్లోనే వెతుకుతుంది. ఇంత వైభోగం నా కేసులో లేదు.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. మా పెదనాన్న సంగతి నవ్వుతూ రాయలేను.

ఆయన స్కానర్ సాఫ్ట్‌వేర్‌దీ ఇదే ఏర్పాటు, తెరమీద ఒకటి, వెనకాల ఒకటి. అప్‌డేట్ తర్వాత వెనకాలది మొదలు కాలేదు. తెరమీద అదే హితవు. పెద్దమనిషి దాన్ని నమ్మారు. రౌటర్ మూడుసార్లు ఆపి పెట్టారు. నెట్ వాళ్లకు ఫోన్ చేశారు, వాళ్లొచ్చి కేబుల్ మార్చి డబ్బు తీసుకుపోయారు. నాలుగో రోజున నాకు ఫోన్ చేసి, "నొక్కకూడనిది ఏదైనా నొక్కేశానేమోరా?" అని అడిగారు. ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి, ఒక్క పైసా తేడా రానివ్వని మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా అడిగారు. సర్వీసును మళ్లీ స్టార్ట్ చేస్తే అర నిమిషంలో స్కానర్ కదిలింది.

ఏం, తెలియకనా ఆ మెసేజ్ పెట్టారు? కెర్నల్ ఆ ప్రోగ్రాముకు స్పష్టంగా చెప్పింది: విండోస్ ఎర్రర్ నంబరు 10061, అక్కడ ఎవరూ వినడం లేదు. లైనక్స్ అయితే 111 అంటుంది. ఎదురుచూసి అలిసిపోతే 10060, లైనక్స్‌లో 110. పోర్టును ఇంకొకరు ఆక్రమిస్తే 10048, లైనక్స్‌లో 98. సాకెట్లు 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంతో వచ్చినప్పటి నుంచీ ఏ రోగానికి ఆ రోగం పేరు విడివిడిగా చేతిలో పెడుతున్నారు. పోర్టు నంబరులో బైట్లు తిరగేసి 8080కి బదులు 36895 తలుపు తడితే ఒక లక్షణం. ముందు మీరు మాట్లాడండంటే ముందు మీరంటూ రెండు ప్రోగ్రాములూ తెల్లార్లూ మౌనం పాటిస్తే ఇంకో లక్షణం. అన్నీ తెలిసే అవకాశం ఉంది. ఆ అంకెను చేతిలో పట్టుకుని, చదవకుండా చెత్తబుట్టలో పారేసి, నోటికొచ్చిన అబద్ధం తెరమీద రాయడం బద్ధకం. బద్ధకం ఒక్కటే అయితే క్షమించవచ్చు. తప్పు మా దగ్గర లేదు, నీ ఇంట్లో ఉందని చెప్పడం మోసం. "మా సర్వీసు నడవడం లేదు" అని నాలుగు ముక్కలు రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? ఒక ముసలాయన నాలుగు రోజులు తనను తాను అనుమానించుకున్నాడు, మీ సిగ్గులేని ఒక్క వాక్యం వల్ల!

సరే, ఆవేశం దిగాక కుదురుగా ఫిర్యాదు రాశాను. ఎర్రర్ నంబరు, నెట్‌స్టాట్ ఫలితం, స్క్రీన్‌షాట్లు, అన్నీ జతచేశాను. ఆ మెసేజ్ తప్పుదారి పట్టిస్తోందని కూడా మర్యాదగానే రాశాను. వాళ్లూ మర్యాదస్తులే, పరిశీలిస్తామని జవాబిచ్చారు. మూడు వారాలకు కొత్త వెర్షన్ వచ్చింది. అందులో మార్పుల జాబితాలో "ఎర్రర్ మెసేజ్‌ను మరింత స్పష్టం చేశాం" అని ఉంది. నమ్మకంగా సర్వీసును ఆపి, ప్రోగ్రాము తెరిచాను.

వాక్యం అదే. పక్కన వైఫై బొమ్మ పెట్టారు, మీద ఎర్రగా ఇంటూ మార్కు.