బకిల్ వెనక్కి తిప్పి చూడండి

అరచేతిలో ఇమిడిపోయే రేకు ముక్క. దాదాపు ఆరున్నర సెంటీమీటర్ల పొడవు, అయిదు సెంటీమీటర్ల ఎత్తు. మధ్యలో గద్ద, దాని కాళ్ల కింద స్వస్తిక, చుట్టూ తాడు పేనినట్టు అంచు, పైన మూడు జర్మన్ మాటలు: ‘గాట్ మిట్ ఉన్స్’. దేవుడు మనతో ఉన్నాడని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో మామూలు జర్మన్ సైనికుడి నడుముకు ఉన్న బకిల్ ఇది.

దీని ఫొటో ఎక్కడ పెట్టినా వాదన మొదలవుతుంది. నాజీలు ఆస్తికులని ఒకరు, కాదని ఇంకొకరు. ఇద్దరూ తేదీ చూడరు. ఈ నినాదం జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా సైనికుల బకిళ్ల మీదికి 1847లోనే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఉంది. అప్పట్లో బవేరియా, సాక్సనీ లాంటి మిగతా జర్మన్ రాజ్యాల సైనికులవి వేరే నినాదాలు. కైజర్ (జర్మన్ చక్రవర్తి) పోయి రిపబ్లిక్ వచ్చాకా దేవుడు బెల్టు దిగలేదు. 1936లో నాజీ ప్రభుత్వం మార్చింది గద్ద బొమ్మనే. హిట్లర్ అనుచరుడు గోరింగ్ కొత్తగా పెట్టుకున్న వైమానిక దళం బకిల్ మీద ఎగిరే గద్ద ఉంది, దేవుడి ఊసు లేదు. నాజీ పార్టీ సొంత సాయుధ దళం ఎస్ఎస్ బకిల్ మీద ‘విధేయతే నా గౌరవం’ అన్న మాట. అది 1931లో హిట్లర్ మెచ్చుకోలుగా రాసిన ఉత్తరంలోంచి పుట్టింది.

మన కలెక్టరాఫీసు బిళ్ల బంట్రోతును గుర్తు తెచ్చుకోండి. జనం భయపడింది మనిషికి కాదు, బిళ్లకు. సైన్యం బకిల్ కూడా అలాంటి బిళ్లే. దాని మీది పాత నినాదం ‘మేం తాతల నాటి సైన్యం, పార్టీ గొడవలు మాకు పట్టవు’ అని చెప్పుకోవడానికి పనికొచ్చింది. యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు ఈ కథ నడిచింది కూడా. పాపమంతా ఎస్ఎస్ ఖాతాలో రాసేసి, సైన్యం చేతులు కడుక్కుంది. 1995లో హాంబర్గ్‌లో మొదలైన ప్రదర్శన సైనికుల ఫొటోలు, ఉత్తరాలే బయటపెట్టి ఆ కథను గట్టిగా దెబ్బ తీసింది. సోవియట్ యుద్ధఖైదీలు 30 లక్షల మందికి పైగా ఆకలికీ చలికీ తూటాలకీ చచ్చిపోయారు. వాళ్లలో అత్యధికులు ఉన్నది ఈ బెల్టు కట్టుకున్న సైన్యం కాపలాలోనే.

ఇక వెనక్కి తిప్పండి. నాకు ఆసక్తి ఉన్నది అటువైపే. తొలి ఏళ్ల బకిళ్లు ఎక్కువగా అల్యూమినియంవి. వాటికి చిన్న తోలు పట్టీ, దాని మీద కంపెనీ పేరు, సంవత్సరం. తయారీదారుల్లో చాలామంది లూడెన్‌షైడ్ అనే ఊరివాళ్లు. అంతకు ముందు నుంచీ గుండీలు చేసి బతికిన ఊరది. యుద్ధం మొదలయ్యాక అల్యూమినియం విమానాలకు పోయింది, బకిల్ రంగు పూసిన ఉక్కు రేకుకు దిగింది. ముదిరేకొద్దీ తోలు పట్టీ కూడా మాయమైంది. 1915లోనూ ఇదే జరిగింది. ఇత్తడి ఫిరంగి గుండ్లకు కావాల్సొచ్చి సైనికుడికి ఇనుము మిగిలింది. ముందువైపు దేవుడు మనతోనే ఉన్నాడు, వెనకవైపు చూస్తే సరుకు అయిపోతోంది.

అయితే సంతలో లెక్క వేరు. కోటీ 70 లక్షల మందికి పైగా పనిచేసిన సైన్యం కాబట్టి మామూలు ఉక్కు బకిల్ ఇప్పటికీ దొరుకుతుంది. ఎస్ఎస్‌దైతే ధర ఆకాశంలో ఉంటుంది, నకిలీలూ దానికే ఎక్కువ. రేకును అచ్చులో నొక్కి చేసిన అసలు బకిల్‌కు వెనకవైపు బొమ్మ గుంటలు పడి కనిపిస్తుంది. పోత పోసిన నకిలీలో గద్ద ఈకలు మొద్దుబారి ఉంటాయి. చరిత్ర కోసం కొనేవాడికి ఆ ఉక్కు రేకు చాలని నా అభిప్రాయం. పది రెట్లు పెట్టి కపాలం గుర్తు పెట్టుకున్న ఎస్ఎస్‌వాళ్ల సరుకే కావాలనేవాడు చరిత్ర కొంటున్నాడా, ఆ భయాన్ని కొంటున్నాడా?

జర్మనీలో ఇవి ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు, నలుగురిలో ప్రదర్శిస్తే నేరం. చదువుకు, పరిశోధనకు మినహాయింపు ఉంది. అందుకే అక్కడి వ్యాపారులు ఫొటోల్లో స్వస్తిక మీద స్టిక్కర్ వేస్తారు. ఆస్ట్రేలియా 2024 జనవరి నుంచి నాజీ గుర్తుల వ్యాపారాన్నే నిషేధించింది. మన గడప మీద పసుపూ కుంకుమలతో వేసే స్వస్తిక్‌కూ దీనికీ సంబంధం లేదని విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇరుగుపొరుగుతో చెప్పుకోవాల్సిన టెన్షన్ ఎలాగూ తప్పదు.

మనకు ఇంకో ముడి కూడా ఉంది. ఉత్తరాఫ్రికాలో బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడి పట్టుబడిన భారత సైనికులతో బోస్ జర్మనీలో దళం కట్టినప్పుడు, ఆయన పక్కన ఉన్నది హైదరాబాదీ ఆబిద్ హసన్. 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామి ఎక్కినప్పుడూ ఆయనే తోడు. ఆ దళంలో హిందువులు, ముస్లింలు, సిక్కులు ఉన్నారు. అందరికీ జర్మన్ యూనిఫామే, జర్మన్ బెల్టే. భుజం పక్కన పులి బొమ్మ మాత్రం వాళ్ల సొంతం.

పశ్చిమ జర్మనీ 1962లో తన సైనికులకు కొత్త బకిల్ ఇచ్చింది. దాని మీద గద్ద ఉంది, కింద స్వస్తిక లేదు. దేవుడి స్థానంలో జాతీయగీతంలోని మాటలు పెట్టారు: ఐక్యత, న్యాయం, స్వేచ్ఛ. పాత సామాన్ల దుకాణాల్లో అది చవగ్గానే దొరుకుతుంది.