"ప్యానెల్ పోయింది సార్" అనే ముందు వెనక మూత విప్పండి

కాకినాడలో మా అమ్మావాళ్ళింట్లో ఉన్న టీవీ 2013లో కొన్నది. 32 అంగుళాలది. చెల్లి పెళ్ళి కుదిరిన ఏడాది కాబట్టి సంవత్సరం బాగా గుర్తు. మొన్న దసరాకి వెళ్ళేసరికి అమ్మ దానిలో సీరియల్ చూస్తోంది. చూస్తోంది అనకూడదు, వింటోంది. తెరమీద మనుషులందరూ ఫోటో నెగటివ్‌లో ఉన్నట్టున్నారు. నుదుటి బొట్టు ఆకుపచ్చ, పట్టుచీర బూడిదరంగు, బుగ్గల మీద చెట్టు మొద్దు కోస్తే కనిపించేలాంటి వలయాలు. కుడివైపు సగమైతే పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది.

"ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా?" అంటే, "వినాయక చవితి వెళ్ళిన దగ్గర్నుంచీ. మాటలు వినపడుతున్నాయి కదరా" అంది.

కంపెనీ సర్వీసు వాళ్ళకి ఫోన్ చేశాను. రెండో రోజు ఒక కుర్రాడొచ్చాడు. బ్యాగు భుజం మీంచి దించలేదు. స్విచ్ వేయించాడు, రెండు క్షణాలు చూశాడు, "ప్యానెల్ పోయింది సార్" అన్నాడు. ప్యానెల్ అంటే బొమ్మ కనిపించే తెర భాగమే. దానికి 13,800, లేబర్ వేరే, అదీ స్టాకులో దొరికితేనే. విజిట్ ఛార్జీ 530 అక్కడికక్కడే ఫోన్లో కొట్టించుకున్నాడు. "ఇంకొంచెం కలుపుకుంటే కొత్తదే వస్తుంది సార్, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ నడుస్తోంది" అని ఒక పాంప్లెట్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా స్క్రూడ్రైవర్ బయటికి రాలేదు.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. రోజుకి ఇన్ని ఇళ్ళు తిరగాలని వాడికి లెక్క ఉంటుంది, బోర్డు బాగుచేస్తే వాడికి ఒరిగేదీ ఉండదు. నా కోపమంతా ఆ మాట మీద. నాడి పట్టకుండానే గుండె మార్చాలని చెప్పే డాక్టరుని ఒప్పుకుంటామా? టీవీ దగ్గర మాత్రం చక్కగా ఒప్పుకుంటాం. పన్నెండేళ్ళు వాడాం కదా, దాని ఆయుష్షు తీరిందిలే అని మనమే సర్దిచెప్పుకుని షోరూముకి బయల్దేరతాం.

నేనూ బయల్దేరేవాడినే. నాన్న ఆపారు. "జగన్నాథపురంలో మనకి పాత టీవీ చేసిన బాబాయ్ ఉన్నాడు, ఒకసారి చూపించు" అన్నారు. పాత టీవీ అంటే డబ్బా టీవీ. ఆ కాలం మెకానిక్‌కి ఇవి ఏం తెలుస్తాయిలే అనుకుంటూనే ఫోన్ చేశాను. సాయంత్రానికి ఆయనే వచ్చారు. అరవై దాటి ఉంటాయి, కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకున్నారు.

ఆయన మొదట చేసిన పని రిమోట్‌లో మెనూ బటన్ నొక్కడం. ఈ ఒక్క సంగతి తెలియకే మనం సగం డబ్బులు తగలేస్తున్నాం. సెట్‌టాప్ బాక్సు మెనూ కాదు, టీవీది. ఆ అక్షరాలు టీవీ లోపలే తయారవుతాయి, బయటినుంచి రావు. బొమ్మ చెడిపోయి మెనూ మాత్రం శుభ్రంగా కనిపిస్తే తెరకి ఏ రోగమూ లేనట్టే. ముందు బాక్సో, వైరో, సిగ్నలో చూసుకోవాలి. మాదాంట్లో మెనూ కూడా నెగటివ్‌లోనే వచ్చింది. "లోపలిదే బాబూ" అని టీవీ ప్లగ్గు పీకేసి, మంచం మీద దుప్పటి మడతపెట్టి దానిమీద బోర్లా పడుకోబెట్టారు.

వెనక మూత తీస్తే, పన్నెండేళ్ళ దుమ్ము, ఎండిపోయిన బల్లి ఒకటి. మధ్యలో మెయిన్ బోర్డు, పక్కన కరెంటు బోర్డు, పైన రేకు మూత కింద అరచేతి వెడల్పున టీ-కాన్ బోర్డు. మెయిన్ బోర్డు నుంచి వచ్చిన బొమ్మని ఏ వరసకి ఎప్పుడు పంపాలో చూసేది ఈ టీ-కానే. ఆ రెండింటి మధ్య ఎల్‌వీడీఎస్ అని ఒక చదును కేబుల్ ఉంటుంది. బాబాయ్ టీవీని గోడకి ఆనించి నిలబెట్టి ఆన్ చేయించి, కరెంటు బోర్డు వైపు చెయ్యి పోనివ్వకుండా, ఆ కేబుల్ చివర వేలితో మెల్లగా నొక్కారు. ముందు నుంచి అమ్మ కేక: "వచ్చిందిరా! బొట్టు ఎర్రగా వచ్చింది!" వేలు తీస్తే మళ్ళీ ఆకుపచ్చ.

జరిగింది ఇది. ఒక్కో రంగు ఎంత వెలగాలన్నది ఆ కేబుల్లో అంకెల రూపంలో వెళ్తుంది. మామూలుగా 256 మెట్లు. ఒక తీగ చివర చిలుము పట్టి అంకెలో ముక్క దారిలో పడిపోతే, నీడ ఉండాల్సిన చోట వెలుగు, వెలుగున్న చోట నీడ. బుగ్గల మీద వలయాలు అందుకే. ఇక కుడి సగం తెల్లబడటానికి కారణం టీ-కాన్ నుంచి కుడివైపుకి వెళ్ళే రెండో రిబ్బన్. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఏడాదికోసారి తుప్పు పడతాయి. ఈ సన్నటి కాంటాక్టులు ఓ లెక్కా!

మళ్ళీ ప్లగ్గు పీకించి ఆయన వాడినవి పెన్సిల్ రబ్బరు, దూదిపుల్ల, చిన్న సీసాలో ఆల్కహాల్ లిక్విడ్. కేబుల్ చివరల్ని రబ్బరుతో తుడిచారు. దూదిపుల్ల ఆకుపచ్చగా నల్లగా తిరిగింది. ఆరనిచ్చి మళ్ళీ బిగించి, రెండో రిబ్బన్‌కీ అదే వైద్యం చేశారు. నలభై నిమిషాలు. 400 అడిగారు, 500 ఇచ్చాను. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, 13,800 గొడ్డలి అన్నమాట.

ఇది చదివి మీరు స్క్రూడ్రైవర్ పట్టుకునేరు, ఆగండి. ప్లగ్గు పీకేసినా కరెంటు బోర్డులో లావుపాటి కెపాసిటర్‌లో కాసేపు 300 వోల్టులకు పైనే నిలవ ఉంటుంది. అక్కడ చెయ్యి పెడితే టీవీ సంగతి తర్వాత. మూత విప్పే పని తెలిసినవాళ్ళదే. మన పని, విప్పమని అడగడం.

అడగడానికి ముందు జబ్బు లక్షణం మనమే గమనించొచ్చు, దానికి చదువక్కర్లేదు. బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలి ఆగి ఆగి వస్తోందా? సిగ్నల్. వాన పడుతుంటే డిష్ బొమ్మ పగిలేది అందుకే, దానికి టీవీ ఏం చేస్తుంది? మొహాలు సాగిపోయి అందరూ బొద్దుగా ఉన్నారా? సెట్టింగ్ ఎవరో మార్చారు, మా మేనల్లుడు వచ్చి వెళ్ళాక మా ఇంట్లో ఎప్పుడూ జరిగేదే. తెర నల్లగా ఉండి మాటలు వస్తున్నాయా? చీకట్లో ఫోన్ టార్చి తెరకి ఏటవాలుగా వేసి చూడండి. మసగ్గా బొమ్మ కదిలితే ప్యానెల్ బతికే ఉంది, వెనక వెలిగే లైట్లు పోయాయి. ఎల్ఈడీ టీవీ అని మనం పిలిచేది నిజానికి ఎల్‌సీడీయే, వెనక దీపాలు మాత్రమే ఎల్ఈడీవి. వాటిని వరసగా కలుపుతారు కాబట్టి సీరియల్ బల్బుల దండలాగా ఒకటి మాడితే మిగిలినవీ ఆరిపోతాయి. ఆ పట్టీలు మార్చొచ్చు. తెరంతా నీలంగా ఊదాగా తిరిగినా దోషం చాలాసార్లు ఆ దీపాలదే. షోరూములో కళ్ళు జిగేల్‌మనడానికి పెట్టిన పూర్తి బ్యాక్‌లైట్ మీదే ఏళ్ళతరబడి వాడతాం కదా, అవి మాత్రం ఎంతకని తట్టుకుంటాయి? మొదటిరోజే నూటికి 60కో 70కో తగ్గించుకోవాలి, ఎవరూ చెప్పరు.

అసలు ప్యానెల్ ఎప్పుడూ పోదా అంటే, పోతుంది. దెబ్బ తగిలి సాలెగూడులా పగిలితే అయిపోయింది. పైనుంచి కిందదాకా సన్నటి రంగు గీత ఒకే చోట కదలకుండా నిలబడితే అదీ ఎక్కువగా ప్యానెల్ జబ్బే. మా టీవీలో నిలువు వరసలు 1366, ఒక్కోదాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, అంటే 4098 సన్న దారులు. వాటికి సంకేతాలు మోసే ఫిల్ములు అద్దం అంచుకి అతికించి ఉంటాయి. ఒక అతుకు ఊడితే ఒక గీత. పెద్ద ఊళ్ళలో బాండింగ్ మెషీన్ ఉన్న షాపులు మళ్ళీ అతికిస్తాయి, కానీ పాత 32 అంగుళాల టీవీకి అది నాకైతే దండగనిపిస్తుంది. బాబాయ్ కూడా అదే చెప్పారు. బాగవనిది బాగవదని చెప్పే మెకానిక్ మాటే, బాగవుతుందన్నప్పుడు నమ్మాలనిపిస్తుంది.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న, మరమ్మతు వివరాలు ఒకచోట పెట్టే రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. సంతోషమే. యూరప్‌లో 2021 మార్చి నుంచి ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఏడేళ్ళు కొన్ని టీవీ స్పేర్ పార్టులు దొరకాలని చట్టమే పెట్టారు. మన దగ్గర పోర్టల్ సంగతి ఎలా ఉన్నా, మా గుమ్మంలోకి వచ్చిన కుర్రాడి బ్యాగులో మాత్రం టీ-కాన్ బోర్డు లేదు, పాంప్లెట్ ఉంది. ఏ భాగం పోయింది, ఏం పరీక్ష చేసి తేల్చారు అని కాగితం మీద రాసివ్వాలన్న నియమం ఒక్కటి గట్టిగా అమలైతే సగం ప్యానెళ్ళు వాటంతటవే బాగైపోతాయని నా అనుమానం. విజిట్ ఛార్జీ తీసుకుని మూత కూడా విప్పకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చని నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. ఈసారి వదలను.

మరమ్మతయ్యాక మా టీవీలో ఎడమ అంచున గులాబీరంగు గీత ఒకటి మిగిలింది. ముందునుంచీ ఉన్నదే, ఆ నెగటివ్ గొడవలో ఎవరి కంటా పడలేదు. "ఇది మాత్రం నిజంగా ప్యానెలే బాబూ, దీన్ని కదపొద్దు" అన్నారు బాబాయ్ కాఫీ తాగుతూ. అమ్మ దగ్గరికెళ్ళి తేరిపార చూసి, "చీర అంచులా ఉంది, ఉండనీ" అని సీరియల్ పెట్టుకుంది.