సముద్రానికి గోడ కట్టారు, పిట్టలు ఎక్కడికి పోయాయి?

సముద్రం ఒడ్డున ఉండేది బురదే కదా, పూడ్చేసి పొలాలో ఫ్యాక్టరీలో పెట్టుకుంటే పోయేదేముంది? దక్షిణ కొరియాలో సేమన్‌గుమ్ దగ్గర ప్రభుత్వం ఇలాగే అనుకుంది. రెండు నదులు సముద్రంలో కలిసేచోట 33 కిలోమీటర్ల పొడవున గోడ కట్టి, 2006 ఏప్రిల్‌లో చివరి ఖాళీ కూడా మూసేసింది. మరి అక్కడ వాలే పిట్టల సంగతేంటంటే, పక్క తీరాలకు పోతాయిలే అన్నారు. రెక్కలున్నాయి కదా, వినడానికి సబబుగానే ఉంటుంది.

కానీ గ్రేట్ నాట్ సంగతి వేరు. మన ఉల్లంకి పిట్టలకు చుట్టమే ఇది. ఆస్ట్రేలియా వాయవ్య తీరం నుంచి బయల్దేరి, ఐదారు వేల కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరి, చైనాకీ కొరియాకీ మధ్యనున్న పసుపు సముద్రం ఒడ్డున వాలేసరికి ఒంట్లో కొవ్వంతా కరిగిపోయి ఉంటుంది. అక్కడి బురదలో చిన్న చిన్న గుల్లల్ని పెంకుతో సహా మింగి, కొన్ని వారాల్లోనే మళ్లీ ఒళ్లు చేయాలి, లేకపోతే గుడ్లు పెట్టడానికి సైబీరియా ఈశాన్య కొసకు చేరలేదు. గుల్లలు దండిగా ఉండే బురద ఎక్కడపడితే అక్కడ దొరకదు, దొరికినచోట వేరే పిట్టలు అప్పటికే తింటుంటాయి.

"పోతాయిలే" అన్న మాట తప్పని తేల్చింది ఉపన్యాసాలు కాదు, లెక్కలు. కొరియా, ఆస్ట్రేలియా పక్షి పరిశీలకులు కలిసి 2006 నుంచి 2008 వరకు, పోటు మీద పిట్టలన్నీ ఒకచోట గుమిగూడే సమయం చూసుకుని టెలిస్కోపులతో లెక్కపెట్టారు. సేమన్‌గుమ్‌లో గ్రేట్ నాట్‌లు పదుల వేలల్లో తగ్గాయి, పక్క తీరాల్లో ఆ మేరకు పెరగలేదు. ఎక్కడో కనపడనిచోట ఉన్నాయేమో అనొచ్చు కదా? ఆస్ట్రేలియా తీరంలోనూ లెక్క తీస్తే అక్కడా తగ్గాయి. అంటే చోటు మారలేదు, చచ్చిపోయాయి. 2015లో ఈ జాతిని అంతరించే ప్రమాదమున్న వాటి జాబితాలో చేర్చారు. 2018లో చైనా తన తీరంలో వ్యాపారం కోసం చేసే పూడికలను చాలావరకు ఆపిందంటే, ఇలాంటి లెక్కలు ఏళ్ల తరబడి పోగుపడటం కూడా ఒక కారణమని నేననుకుంటాను.

ఇక మన సంగతి. గ్రేట్ నాట్‌లు కాకినాడ దగ్గర కోరింగ వైపూ కనిపిస్తాయి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచీ జరుగుతోంది, చేసేది ఎక్కువగా వాలంటీర్లే, వాళ్లకు దండం పెట్టాలి. కాకపోతే జనవరి లెక్కలో చలికాలమంతా ఇక్కడే ఉండే పిట్టలే తెలుస్తాయి, సెప్టెంబరులోనో ఏప్రిల్‌లోనో దిగి నాలుగు రోజులు తిని పోయేవి దొరకవు. ఆ నాలుగు రోజుల తిండే వాటికి ప్రాణం! అలాంటప్పుడు తీరంలో పోర్టు కడితే పిట్టలకేమవుతుందో ఒక్క సీజన్ సర్వే చేసి "ప్రభావం స్వల్పం" అని రాసిచ్చే నివేదికను నమ్మి ఏ పోర్టుకైనా ఎలా ఒప్పుకుంటాం? సేమన్‌గుమ్‌లో వరుస లెక్క మొదలైంది గోడ మూసిన ఏడే, అప్పటికే ఆలస్యం.

కాకినాడ, కోరింగల్లో నెలనెలా, అవేచోట్ల, కనీసం ఐదేళ్లు లెక్క తీయడానికి కావలసింది ఒక పడవ, రెండు టెలిస్కోపులు, పోటూ పాటూ తెలిసిన నలుగురు స్థానిక మత్స్యకారులు, వాళ్లకు నెల జీతం.