ఆకులూ అలములూ

మా తోడల్లుడు కాకినాడలో ఫ్లాట్ కొని గృహప్రవేశానికి పిలిచాడు. తోటివాడు ఇల్లు కొన్నాడంటే మామూలు మనుషులకు సంతోషమో, కొంచెం కుళ్ళో కలుగుతుంది. నాకు ఆ రెండూ కలగలేదు. డిసెంబరు గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే అతను అరకేజీ కాజాలు పట్టుకుని రాజమండ్రిలో మా ఇంటికొచ్చాడు. ముందుగా ఫోన్ చేయకుండా కాజాలతో దిగిన బంధువు ఏదో అడగడానికే వచ్చుంటాడని నా అనుభవం. కాఫీ తాగాడు, మా పెరట్లోకి నడిచాడు, కాసేపు కరివేపాకు చెట్టును చూశాడు.

"అన్నయ్యా, ఫ్లాటు డబ్బు ఎలాగో కూడింది. కానీ రిజిస్ట్రేషన్ ఖర్చులకే ఏడున్నర శాతం పోతోంది. ఒక లక్షన్నర తక్కువ పడుతోంది. ఏడాదిలో సర్దేస్తాను."

నేను పెద్ద నిట్టూర్పు విడిచాను. అప్పు అడిగినప్పుడు నిట్టూర్చడం మా వంశంలో విద్య. "నా దగ్గర మాత్రం ఏముంది తమ్ముడూ? జీతం ఇలా వస్తుంది, అలా పోతుంది. నా ఆస్తి అంతా ఇదిగో, ఈ కరివేపాకు చెట్టు" అన్నాను.

అతను నవ్వేశాడు. మా ఆవిడ ఆ చెట్టు నుంచే నాలుగు రెబ్బలు కోసి, కవరులో పెట్టి ఇచ్చింది. లక్షన్నర కోసం వచ్చినవాడు కరివేపాకుతో వెళ్ళాడు.

ఇప్పుడు నిజం చెప్పాలి. సరిగ్గా ఆ లక్షన్నరే నా దగ్గర ఉంది. 2019లో అరియర్స్ వచ్చినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఐదేళ్ళకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాను. ఆరున్నర శాతం వడ్డీ, మూడు నెలలకోసారి అసలులో కలిసేట్టు. బాండు కాగితాన్ని నా పదో తరగతి మార్కుల లిస్టు ఉన్న ఫైల్లో దాచాను. ఆ మార్కులు చూడాలన్న కోరిక ఇంట్లో ఎవరికీ లేదు, నాతో సహా.

ఎందుకు దాచావంటే జవాబు లేదు. తాగుడు లేదు, పేకాట లేదు. నెలాఖరున మా ఆవిడ పాలవాడి లెక్క చూస్తూ నుదురు నొక్కుకుంటుంటే, నేను పక్కన కూర్చుని 'నాకొకటుంది' అని లోపల్లోపల అనుకునేవాణ్ణి. అంతే. ఆ సుఖానికి వడ్డీ అదనం.

ఈ విషయంలో నాకు సిగ్గు ఉండాల్సింది. ఎందుకంటే 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో పెద్దనోట్లు చెల్లవని చెప్పినప్పుడు, మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, 27 ఐదువందల నోట్లు తీసి నా ముందు పెట్టింది. వాటిని మార్చడానికి బ్యాంకు ముందు నాలుగు గంటలు నిలబడ్డాను. ఆ నాలుగు గంటలకు బదులుగా నాలుగేళ్ళు ఆమెను ఏడిపించాను. వచ్చిన ప్రతి చుట్టానికీ బియ్యం డబ్బా కథ చెప్పాను. "డబ్బు దాచుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది" అని ముగించేవాణ్ణి. ఆమె ఏమీ అనేది కాదు. అప్పుడే అనుమానించాల్సింది.

సరే, గృహప్రవేశం. మాఘమాసం, మంచి ముహూర్తం, నాలుగో అంతస్తు. తెల్లవారుజామున పాలు పొంగించడం అయిపోయింది. మేము వెళ్ళేసరికి సత్యనారాయణ వ్రతం నడుస్తోంది. తోడల్లుడు, మా మరదలు పీటల మీద ఉన్నారు. "పెద్దల్లుడుగారు ముందుకు రండి" అని మా అత్తగారు నన్ను పంతులుగారి ఎదురుగా కూలేశారు. కుడిచేతి నిండా అక్షింతలు పోశారు. వేళ్ళకు పసుపు.

పంతులుగారు కథలో నాలుగో అధ్యాయం మొదలుపెట్టే ముందు అందరి వైపూ చూశారు. "అయ్యా, సెల్‌ఫోన్లు సైలెంటులో పెట్టండి."

నేను చెప్పిన మాట వినే మనిషిని. ఎడమచేత్తో జేబులోంచి ఫోన్ తీసి, పక్కనుండే సౌండు బటన్ నొక్కి పట్టుకున్నాను. అక్కడ రెండు బటన్లుంటాయి, పెంచడానికొకటి, తగ్గించడానికొకటి. నా బొటనవేలికి ఆ తేడా తెలియదు, రెండింటినీ కలిపి నొక్కింది. ఫోన్ ఏదో అడిగింది. కళ్ళజోడు లేదు. ఓకే నొక్కాను. ఫోన్ ఏదడిగినా ఓకే నొక్కడం నాకు అలవాటు. మా అమ్మాయి దీని గురించి ఇదివరకే రెండుసార్లు హెచ్చరించింది.

"టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంది" అంది ఒక ఆడగొంతు, నా ఒళ్ళోంచి.

చూపులేని వాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటట అది. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపిస్తుంది. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తాకితేనే పని చేస్తుంది. ఫోన్ సైలెంటులో ఉన్నా దాని గొంతు దానిదే. అవసరమైనవాళ్ళకి అది కళ్ళతో సమానం, కాదనను. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, నా ఫోను మాట్లాడుతోందని, దాని నోరు నొక్కాలని.

నొక్కాను. నొక్కిన చోటల్లా చదివింది.

"గడియారం. తొమ్మిది గంటల నలభై నిమిషాలు. బ్యాటరీ అరవై ఒక్క శాతం."

ముత్తయిదువులు ఇద్దరు వెనక్కి తిరిగారు. పంతులుగారు అలాంటివి చాలా చూసినవారిలా కథ ఆపలేదు. మూడు అధ్యాయాలు గడిచి నాలుగోదాంట్లో ఉన్నారు. అయిదింటిలోనూ నాలుగోదే అందరికీ గుర్తుండేది. వర్తకుడు అల్లుడితో కలిసి పడవ నిండా ధనం వేసుకుని వస్తుంటాడు, స్వామి సన్యాసి రూపంలో ఎదురొస్తాడు.

"పడవలో ఏమున్నది నాయనా, అని అడిగినాడు స్వామి."

నేను ఫోన్ లాక్ తీయాలని వేలిముద్ర పెట్టాను. పసుపు వేలిని ఫోను గుర్తుపట్టలేదు. పంచెకు తుడిచి మళ్ళీ పెట్టాను. "వేలిముద్ర సరిపోలేదు" అని అందరికీ చెప్పింది.

"ఆకులూ అలములూ తప్ప నా దగ్గర ఏమీ లేవు స్వామీ, అన్నాడు వర్తకుడు."

సరిగ్గా అప్పుడు మెసేజ్ వచ్చింది. అది మెసేజని నాకు తెలియదు, తెర మీద ఏదో మెరిస్తే దాన్ని అరచేత్తో మూశాను. మూయడమంటే తాకడమే కదా.

"డియర్ కస్టమర్" అంది ఆవిడ. బ్యాంకువాళ్ళ ఇంగ్లీషు మెసేజ్‌ని శుద్ధమైన తెలుగు యాసలో, ఎక్కడా తడబడకుండా చదివింది. "యువర్ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎక్స్ ఎక్స్ ఎక్స్ ఎక్స్..." ఖాతా నంబరు ఎవరికీ తెలియకూడదని బ్యాంకు తీసుకున్న జాగ్రత్త ఆ ఎక్స్‌లు. నంబరు ఎవరికీ తెలియలేదు, ఆ మాట నిజం. "హ్యాజ్ మెచ్యూర్డ్" దాకా అయినా మా అత్తగారికి ఇంగ్లీషు రాదన్న ధైర్యం ఉండేది. అంకె దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు తెలుగులోకి దిగింది.

"రెండు లక్షల ఏడు వేల అరవై మూడు."

హాలు నిశ్శబ్దమైపోయింది. హోమగుండంలో నెయ్యి చిటపటమన్నది వినబడింది. మా తోడల్లుడు పీట మీంచి తల తిప్పి నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. వేళ్ళమీద ఏదో లెక్కేసుకుంటున్నవాడిలా చూశాడు. లక్షన్నరకు ఐదేళ్ళ వడ్డీ కలిపితే ఎంతవుతుందో అతనికి తెలుసు, కోఆపరేటివ్ సొసైటీలో పనిచేస్తాడు.

పంతులుగారు పుస్తకంలోంచి తలెత్తకుండానే తర్వాతి వాక్యం చదివారు.

"అంతట వర్తకుడు మూర్ఛపోయినాడు."

ఆ అదృష్టం నాకు దక్కలేదు. స్పృహలోనే ఉన్నాను. ఎలాగైనా ఫోన్ ఆపేయాలని పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. "పవర్ ఆఫ్. బటన్. యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు ట్యాప్ చేయండి" అంది. ఆవిడ అంత స్పష్టంగా దారి చెబుతోంది, నేనే వినలేదు. ఆ కంగారులో మనం ఎవరి మాట వింటాం? ఒకసారే కొట్టాను, గట్టిగా. మళ్ళీ అదే చదివింది. ఇంకా గట్టిగా కొట్టాను. వేలు జారి ఇంకెక్కడో తగిలింది.

ఇప్పుడు ఒక చిన్న విషయం చెప్పాలి. డిసెంబరు తర్వాత మా తోడల్లుడు మళ్ళీ డబ్బు అడుగుతాడేమోనన్న భయంతో, ఫోన్లో అతని పేరు మార్చి పెట్టుకున్నాను. ఆ రోజు పొద్దున్న మేము ఎంతవరకు వచ్చామో కనుక్కుందామని పాపం నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

"మిస్డ్ కాల్స్, నాలుగు" అంది ఆవిడ. "కాకినాడ ఎత్తొద్దు."

వెనకాల ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. "కాకినాడ ఎత్తొద్దు అంటే ఎవరమ్మా?" అని మా అత్తగారు మెల్లగా అడగడం, మా మరదలు "తర్వాత చెబుతాలే" అనడం వినబడ్డాయి. మా ఆవిడ వైపు చూడలేదు. చూడకపోయినా నా ఎడమ చెంప వేడెక్కింది, ఆమె అటువైపే కూర్చుంది.

చివరికి తోడల్లుడి కొడుకు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, జనాన్ని దాటుకుంటూ వచ్చి "ఇటివ్వండి పెదనాన్నా" అని ఫోన్ తీసుకున్నాడు. ఆ రెండు బటన్లనీ మళ్ళీ కలిపి మూడు సెకన్లు నొక్కాడు. "టాక్‌బ్యాక్ ఆఫ్" అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. అంతే. నా పరువు పోయింది ఆ రెండు బటన్లతోనే, వాడు ఆపిందీ వాటితోనే. మధ్యలో నేను కొట్టిన దెబ్బలన్నీ దండగ.

భోజనాల దగ్గర పనసపొట్టు కూర వేశారు, బూరెల్లో నెయ్యి పోశారు. ఎంత వేశారో నాకు తెలియదు. తోడల్లుడు స్వయంగా వచ్చి వడ్డించాడు.

"తమ్ముడూ, ఆ డిపాజిట్ అప్పటికి ఇంకా పండలేదు. మధ్యలో తీస్తే వడ్డీ కోసేస్తారని..." అన్నాను.

"అయ్యో, దానికేముందన్నయ్యా. అవసరం తీరిపోయింది. పదమూడు శాతానికి పర్సనల్ లోన్ దొరికింది" అని ఇంకో బూరె వేశాడు.

బయల్దేరుతుంటే మా మరదలు మా ఆవిడకి బొట్టు పెట్టి, తాంబూలం, స్టీలు గిన్నె ఉన్న సంచీ ఇచ్చింది. తోడల్లుడు నాకు విడిగా ఒక కవరు ఇచ్చాడు. "బాల్కనీలో కుండీలో వేశానన్నయ్యా. ఆ రోజు వదినగారిచ్చిన రెబ్బలతో పాటు ఒక పిలక కూడా వచ్చింది. బతికింది." కవరులో కరివేపాకు.

బస్సులో సామర్లకోట దాకా మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కిటికీలోంచి వరి చేలు చూస్తూ కూర్చుంది. బియ్యం డబ్బా ఊసు ఎప్పుడెత్తుతుందా అని నేను ఎదురుచూస్తున్నాను. ఎత్తలేదు. ఆ ఊరు దాటాక మాత్రం అడిగింది.

"నామినీగా ఎవర్ని పెట్టారు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబుంది. "ఇంకెవర్ని పెడతాను? నిన్నే!"

ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే మీరు పోతే గానీ నాకు తెలియదన్నమాట."

ద్వారపూడి వచ్చింది, వెళ్ళింది. నేను టికెట్టు చింపి, ముక్కలు లెక్కపెట్టుకున్నాను.

రాత్రి ఫోన్ ఛార్జింగులో పెట్టి పడుకున్నాను. నిద్ర పట్టీపట్టకుండా ఉండగా హాల్లోంచి మాటలు వినబడ్డాయి. టీవీ అనుకున్నాను. కాదు. పిల్లవాడు ఆ బటన్లు నొక్కుతుంటే మా ఆవిడ పక్కనే నిలబడి చూసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"సందేశాలు. నూట నలభై రెండు చదవనివి" అంటోంది ఆవిడ. "యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు ట్యాప్ చేయండి."

టప్, టప్ మని చప్పుడయింది.