కొన్నాక నడిపేదెవరు?

కేంద్రం 2015 జూన్ 25న ప్రారంభించిన స్మార్ట్ సిటీస్ మిషన్, పలుమార్లు గడువు పొడిగించుకుని, 2025 మార్చి 31తో ముగిసింది. ఎంపికైన 100 నగరాల్లో విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ ఉన్నాయి. ఒక్కో నగరానికి కేంద్రం సగటున రూ.500 కోట్లు ఇవ్వాలని, రాష్ట్రం, నగరపాలక సంస్థ కలిసి అంతే మొత్తం సమకూర్చుకోవాలని, రెండింటికీ సమాన వాటా ఉన్న ప్రత్యేక కంపెనీ పనులు చేపట్టాలని మార్గదర్శకాలు చెప్పాయి. ఆ డబ్బుతో కెమెరాలు, సెన్సర్లు, వాటిని ఒకేచోట నుంచి గమనించే కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వచ్చాయి. వాటి లైసెన్సు రుసుములు, ఇంటర్నెట్ బిల్లులు, మరమ్మతులు, ఆపరేటర్ల జీతాలు మాత్రం మిషన్‌తో పాటు ముగిసిపోవు. ఆస్తి పన్ను, నీటి చార్జీల రాబడితో నెట్టుకొచ్చే నగరపాలక సంస్థలే ఇక ఆ భారం మోయాలి.

స్థానిక సంస్థలు సాంకేతికతను వస్తువులా కొంటున్నాయి, పనితీరు మార్పుగా చూడడం లేదు. ఈ పొరపాటు ఎంత దూరం తీసుకెళుతుందో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ చూపించింది. పాత శాప్ సాఫ్ట్‌వేర్ స్థానంలో జమాఖర్చులు, జీతాలు, కొనుగోళ్ల కోసం ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌ను 2022 ఏప్రిల్‌లో అమల్లోకి తెచ్చారు. తయారైన సాఫ్ట్‌వేర్‌కు తగినట్లు పనివిధానాన్ని మార్చుకోవడానికి బదులు, పాత అలవాట్లకు తగినట్లు సాఫ్ట్‌వేర్‌నే మార్పించారు. బ్యాంకు లావాదేవీలను ఖాతాలతో సరిచూసే భాగమే సరిగా పనిచేయక, నమ్మదగిన లెక్కలు తీయడం కష్టమైపోయింది. సుమారు 1.9 కోట్ల పౌండ్లతో మొదలైన అంచనా 10 కోట్ల పౌండ్లు దాటింది. 2023 సెప్టెంబరు 5న ఆ కౌన్సిల్, చట్టప్రకారం తప్పనిసరి సేవలకు మినహా కొత్త ఖర్చులన్నీ ఆపేస్తున్నట్లు 114వ సెక్షన్ నోటీసు ఇచ్చింది. మహిళా ఉద్యోగులకు చెల్లించాల్సిన సమాన వేతన బకాయిలు అందుకు ప్రధాన కారణమే అయినా, లెక్కలే తేలని స్థితి సంక్షోభాన్ని మరింత ముదరబెట్టింది. అనుభవజ్ఞులైన అధికారులున్న అంత పెద్ద నగరానికే ఈ గతి పడితే, ఐటీ విభాగంలో ఒకరిద్దరు కాంట్రాక్టు ఉద్యోగులతో నడిచే మన పురపాలికలు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

బిల్ కలెక్టరు చేతికి కొత్త యంత్రం ఇచ్చాక కూడా ఎవరు ఎంత పన్ను కట్టాలో నమోదు చేసే పాత డిమాండు రిజిస్టరు రాయమంటే, అతనికి పని రెట్టింపవుతుంది. రెండింటిలోనూ అంకెలు తేడా వచ్చినప్పుడు ఏది సరైనదో చెప్పే వారుండరు. అందుకే టెండరు పత్రం రాయకముందే అతన్ని, వార్డులోని శానిటరీ ఇన్‌స్పెక్టరును, కౌంటరు గుమస్తాను కూర్చోబెట్టి అడగాలి. ఏ రిజిస్టరు ఎప్పుడు మూసేస్తారో ఉత్తర్వులోనే రాయాలి. ప్రాజెక్టు బాధ్యత చూసే అధికారిని పని పూర్తయ్యేదాకా బదిలీ చేయకూడదన్న నిబంధన ఇంతకన్నా ముఖ్యం. కొత్త కమిషనరు వచ్చిన ప్రతిసారీ ప్రాధాన్యాలు మొదటికి రావడం మన పట్టణాలన్నింటికీ అనుభవమే.

తక్కువ ధర కోట్ చేసినవారికే పని ఇవ్వాలి కనుక నాణ్యత చూడలేమన్న వాదన పూర్తిగా నిలవదు. కన్సల్టెన్సీయేతర సేవలకు, అంటే సలహాలివ్వడం కాక ఇతర పనులు చేసిపెట్టే సేవలకు కూడా, నాణ్యతకు ప్రాధాన్యమున్న కొనుగోళ్లలో, సాంకేతిక అంశాలకు 30 శాతం మించకుండా మార్కులిచ్చే వీలును కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో కల్పించింది. రాష్ట్రాలూ తమ నిబంధనలను అదే దిశగా సవరించుకోవచ్చు. చెల్లింపులు కూడా సరుకు దిగిన రోజున కాక, సిబ్బంది ఆ వ్యవస్థను కొన్ని నెలలు సక్రమంగా వాడిన తర్వాతే దశలవారీగా జరగాలి. సమాచారం నగరపాలక సంస్థదేనని, ఒప్పందం ముగిస్తే దాన్ని మరో సంస్థ వాడుకోగల రూపంలో అప్పగించి తీరాలని రాతపూర్వకంగా ఉండాలి. ఈ ఒక్క నిబంధన లేకపోతే, పాత కాంట్రాక్టరు చెప్పిన ధరకే ఒప్పందం పునరుద్ధరణకు ఒప్పుకోవాల్సి వస్తుంది.

వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందే ప్రతి నగరపాలక సంస్థ తన సాంకేతిక ఒప్పందాలన్నింటినీ, గడువు తేదీలతో, ఏటా అయ్యే నిర్వహణ ఖర్చుతో సహా కౌన్సిల్ ముందు పెట్టి ప్రజలకు వెల్లడించాలి. ఆ పని పూర్తికాని చోట కొత్త టెండర్లకు పురపాలక శాఖలు అనుమతి నిరాకరించాలి.