‘డిగ్రీల కాలం చెల్లింది’ అనే మెసేజ్‌కు జవాబు

కొన్నేళ్లుగా ఒక మెసేజ్ ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతూనే ఉంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారాంశం ఇదే: “గొప్ప ప్రొఫెసర్ల పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. టెక్నికల్ కోర్సులో మొదటి ఏడాది నేర్చుకున్నదాంట్లో సగం, మూడో ఏడాదికల్లా పాతబడిపోతుంది. పెద్ద కంపెనీలు డిగ్రీ అడగడం మానేశాయి. బిల్ గేట్స్, జుకర్‌బర్గ్ చదువు మధ్యలోనే వదిలేశారు. ఇప్పుడు ఏఐ ట్యూటర్ కూడా వచ్చేసింది. ఇంకా యూనివర్సిటీ దేనికి?”

ఇది చదివి, చదువు ఆపేయాలా వద్దా అని నిజంగానే టెన్షన్ పడే పిల్లలున్నారు. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేం. యూనివర్సిటీలు మారక తప్పదని నేనూ గట్టిగా నమ్ముతాను. ఏది మారాలన్న దగ్గరే ఈ మెసేజ్ దారి తప్పింది.

“పాఠాలన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి.” దొరుకుతున్న మాట నిజమే. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ తమ ఏఐ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే దాదాపు 1,60,000 మంది చేరారు. ఆ ఊపులోనే థ్రన్ ఆన్‌లైన్ కోర్సుల కంపెనీ యుడాసిటీ పుట్టింది, 2012లో అలాంటివే కోర్స్‌ఎరా, ఎడెక్స్ వచ్చాయి. ఇంకో 50 ఏళ్లకు ప్రపంచం మొత్తానికీ ఉన్నత విద్య అందించే సంస్థలు పదే మిగులుతాయని థ్రన్ అప్పట్లో అన్నారు.

తర్వాత ఏం జరిగిందో ఈ మెసేజ్ చెప్పదు. హార్వర్డ్, ఎంఐటీ తమ మొదటి 17 ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు బయటపెట్టాయి. మొత్తం 8,41,687 రిజిస్ట్రేషన్లు వస్తే, సర్టిఫికెట్ దాకా వెళ్లినవి 43,196. నూటికి ఐదు. చాలామంది ఊరికే ఒకసారి చూసిపోదామని వచ్చినవాళ్లే కదా అంటారు. ఆ మాటలో న్యాయముంది. అయితే డిగ్రీలో లెక్కకొచ్చే క్రెడిట్ కోసమే చేరినవాళ్ల సంగతి చూద్దాం. 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ యుడాసిటీతో కలిసి లెక్కలు, స్టాటిస్టిక్స్ కోర్సులు నడిపింది. మొదటి విడతలో పాసైనవాళ్ల శాతం క్యాంపస్ క్లాసుల కంటే బాగా తక్కువ వచ్చింది. అంతకుముందు లెక్కల్లో తప్పినవాళ్లు, ఇంట్లో కంప్యూటర్ సరిగ్గా లేనివాళ్లు ఎక్కువ దెబ్బతిన్నారు. యూనివర్సిటీ ఆ ప్రయోగాన్ని తాత్కాలికంగా నిలిపేసింది. తమ ప్రాడక్ట్ నాసిరకంగా ఉందని అదే ఏడాది థ్రన్ స్వయంగా ఒప్పుకున్నారు.

దూరం నుంచి చదవడంలోనే లోపం ఉందనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1971లోనే టీవీ, రేడియో, పోస్టు మీద ఆధారపడి చదువు చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి ఇంటర్నెట్ లేదు. అయినా నిలబడింది, ఎందుకంటే ప్రతి విద్యార్థికీ ఒక ట్యూటర్ ఉండేవారు. రాసి పంపిన అసైన్‌మెంట్‌ను ఆయన చదివి, ఎక్కడ తప్పిందో పక్కన రాసి తిప్పి పంపేవారు. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ కూడా అంతే. మొత్తం ఫీజు సుమారు 7,000 డాలర్లు. వేలమంది పూర్తి చేశారు. అక్కడ వీడియోల వెనక అసైన్‌మెంట్లు దిద్దే, ప్రశ్నలకు జవాబిచ్చే అసిస్టెంట్ల పెద్ద బృందం ఉంది. వీడియో ఎంత గొప్పదైనా మన కాగితం చూడదు, మనమెక్కడ పొరబడ్డామో దానికి తెలియదు.

“సగం చదువు మూడో ఏడాదికల్లా పాతబడిపోతుంది.” ఈ వాక్యం ఎక్కువగా పాకింది 2006లో ఒక అమెరికన్ హైస్కూల్ టీచర్ తోటి టీచర్ల కోసం చేసిన ప్రెజెంటేషన్ ద్వారా. దాన్ని కోట్లమంది వీడియోగా చూశారు. ఆ ‘సగం’ ఏ లెక్క ప్రకారం వచ్చిందని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

కంప్యూటర్ సైన్స్‌నే తీసుకోండి. అన్నిటికంటే వేగంగా మారేది అదే అంటారు కదా. మ్యాపుల్లో దగ్గరి దారి వెతికే పద్ధతికి మూలమైన డైక్‌స్ట్రా ఆల్గారిథమ్ 1959 నాటిది. డేటాబేస్‌లకు పునాది అయిన, సమాచారాన్ని పట్టికలుగా పేర్చే రిలేషనల్ మోడల్‌ను ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. ఇంటర్నెట్ నడిచే ప్రోటోకాల్‌కు మూలమైన పేపర్‌ను వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించారు. ఇవాళ్టి ఏఐ మోడళ్లకు శిక్షణ ఇచ్చే బ్యాక్‌ప్రాపగేషన్ పద్ధతిని అందరి దృష్టికీ తెచ్చిన పేపర్ 1986లో వచ్చింది. దాని కింద ఉన్న కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా ఇంకా పాతవి.

ఇంకాస్త దగ్గరగా చూపిస్తాను. బైనరీ సెర్చ్ ప్రతి విద్యార్థీ మొదట్లోనే నేర్చుకునే ప్రోగ్రామ్. వరసగా పేర్చిన లిస్టులో నడిమి అంకె చూడటం, కావలసినది ఏ సగంలో ఉందో తేల్చుకోవడం, మిగతా సగాన్ని వదిలేయడం. నడిమి స్థానం కావాలంటే మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కూడి రెండుతో భాగిస్తారు. చూడటానికి ఇందులో తప్పేమీ కనిపించదు. కానీ కంప్యూటర్ ఒక పూర్ణాంకానికి మామూలుగా కేటాయించే 32 బిట్ల చోటులో పట్టే అతి పెద్ద విలువ 2,147,483,647. లిస్టు మరీ పెద్దదైతే ఆ కూడిక ఈ హద్దు దాటి రుణసంఖ్యగా మారిపోతుంది, ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. జావా భాష లైబ్రరీలోనే ఈ తప్పు తొమ్మిదేళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయిందని, ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో వెల్లడించారు. చివరి స్థానంలోంచి మొదటి స్థానాన్ని తీసేసి, వచ్చినదాంట్లో సగాన్ని మొదటి స్థానానికి కలిపితే సరిపోతుంది. ఈ సవరణ ఎందుకో అర్థం కావాలంటే, కంప్యూటర్ అంకెను ఎలా దాచుకుంటుందో తెలియాలి. అది మొదటి సెమిస్టర్ పాఠం. ఈ రెండు దశాబ్దాల్లో ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్కులు ఎన్ని వచ్చిపోయినా ఆ పాఠం చెక్కుచెదరలేదు.

త్వరగా పాతబడేది టూల్స్. అక్కడ యూనివర్సిటీల తప్పు చాలానే ఉంది. ఒక లాబ్ సిలబస్ మార్చాలంటే కమిటీ మీద కమిటీ కూర్చుని ఏళ్లు గడిపేస్తున్నారు. పునాది పాఠాలను కమిటీలు కాపాడాలి. ఏ భాషలో, ఏ సాఫ్ట్‌వేర్‌తో నేర్పాలన్నది మాత్రం పాఠం చెప్పేవాళ్లకే వదిలేయాలి.

“కంపెనీలు డిగ్రీ అడగడం లేదు.” ప్రకటనల్లోంచి ఆ షరతు తీసేసిన కంపెనీలు చాలానే ఉన్నాయి. మరి ఉద్యోగంలోకి ఎవరిని తీసుకున్నారు? హార్వర్డ్ బిజినెస్ స్కూల్, ఉద్యోగాల మార్కెట్‌ను అధ్యయనం చేసే బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి అమెరికాలోని నియామకాలను పరిశీలించి 2024లో నివేదిక ఇచ్చాయి. షరతు తీసేయడం వల్ల డిగ్రీ లేనివాళ్లకు అదనంగా దక్కిన అవకాశాలు, ఏడాది నియామకాల్లో 700కు ఒకటి కూడా లేవు. అవసరం లేని ఉద్యోగాలకు డిగ్రీ అడగడం అన్యాయమే, అది పోవాలి. కానీ పోయిందనుకుని చదువు మానేస్తే, నష్టపోయేది మెసేజ్ పంపినవాళ్లు కాదు.

గేట్స్, జుకర్‌బర్గ్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1975లో మైక్రోసాఫ్ట్ మొదటి ప్రోగ్రామ్ తయారైంది హార్వర్డ్ కంప్యూటర్ మీదే. ఫేస్‌బుక్ మొదట తిరిగింది హార్వర్డ్ విద్యార్థుల మధ్యే. గూగుల్ సెర్చ్ స్టాన్‌ఫోర్డ్‌లో పీహెచ్‌డీ విద్యార్థుల పరిశోధనలోంచి పుట్టింది. ఇవాళ్టి ఏఐకి మూలమైన డీప్ లెర్నింగ్‌ను 2012లో మలుపు తిప్పిన, ఫొటోల్లో ఏముందో గుర్తుపట్టే అలెక్స్‌నెట్ అనే మోడల్ టొరంటో యూనివర్సిటీలో జెఫ్రీ హింటన్, ఆయన ఇద్దరు విద్యార్థుల పని. వీళ్లలో ఎవరి కథ తీసుకున్నా యూనివర్సిటీని పక్కనపెట్టి చెప్పలేం.

ఇక చివరిది, మెసేజ్‌లో అన్నిటికంటే బరువైనది: “ఏఐ ట్యూటర్ ఉండగా టీచర్ దేనికి?” దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో లెక్కల్లో ఒక ప్రయోగం చేశారు. మామూలు చాట్‌బాట్ ఇచ్చినవాళ్లు ప్రాక్టీస్‌లో 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ వాడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు అడిగి తీసుకోవడం అలవాటైంది, లెక్క చేయడం రాలేదు. అదే ప్రయోగంలో ఇంకో గుంపుకు టీచర్లు తయారుచేసిన సూచనలతో, జవాబు చెప్పకుండా హింట్లు మాత్రమే ఇచ్చే ట్యూటర్‌ను ఇచ్చారు. వాళ్లకు ఆ నష్టం దాదాపు కలగలేదు. హార్వర్డ్ ఫిజిక్స్ కోర్సులో ఇలాగే పాఠం చెప్పేవాళ్లే జాగ్రత్తగా తీర్చిదిద్దిన ఏఐ ట్యూటర్‌తో చదివినవాళ్లు, మంచి క్లాసులో కూర్చున్నవాళ్ల కంటే తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారు. 2025లో వచ్చిన ఫలితమిది. రెండుచోట్లా మేలు చేసిన ట్యూటర్ వెనక ఒక టీచర్ ఉన్నారు. విద్యార్థి ఎక్కడ ఆగిపోతాడో, ఎంతవరకు చెప్పి ఎక్కడ ఊరుకోవాలో ఆ టీచర్‌కు ముందే తెలుసు.

కాబట్టి మారాల్సింది క్లాసు, పరీక్ష. సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2014లో వచ్చింది. ఉపన్యాసం మాత్రమే వినే క్లాసులో విద్యార్థులు తప్పే అవకాశం, తామే చేసి చూసే క్లాసుల్లో కంటే ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. ఇది తెలిసి దశాబ్దం దాటినా ఉపన్యాసాలు అలాగే సాగుతున్నాయి. ఉపన్యాసాన్ని వీడియోకు వదిలి, ఆ గంటను పిల్లల పని చూడటానికి వాడొచ్చు. ఇంటి దగ్గర ఏఐతో కోడ్ రాయించుకొచ్చినా పర్వాలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, “లిస్టు ఖాళీగా ఉంటే ఇది ఏం చేస్తుంది? ఈ లైన్ తీసేస్తే?” అని అడిగితే పది నిమిషాల్లో అర్థమైందో లేదో తెలిసిపోతుంది. మార్కులు అక్కడ పడాలి. దీనికి ఎక్కువమంది టీచర్లు కావాలి, ఖర్చవుతుంది. ‘డిజిటల్ సంస్కరణ’ పేరుతో కొత్త పోర్టల్ కొని టీచర్ పోస్టులు తగ్గించే యాజమాన్యాలు ఇందుకు ఒప్పుకోవు, వాళ్లకు ఈ మెసేజే సాకుగా పనికొస్తుంది.

చేరబోయే కోర్సు క్యాంపస్‌ది కానీ ఆన్‌లైన్‌ది కానీ, ఫీజు కట్టేముందు విద్యార్థులు రెండు సంగతులు అడగాలి. ఒక సెమిస్టర్‌లో నా పనిని ఎవరైనా ఎన్నిసార్లు చదివి తప్పులు చూపిస్తారు? దిద్దుకుని మళ్లీ ఇస్తే మళ్లీ చూస్తారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో కోర్సు వెతుక్కోవచ్చు.