గోత్రం సరే, అట్టపెట్టె కోస్తారా?

ఇంకా జేబులోకి రాని కొత్త మడత చాకు గారికి,

నమస్కారం. తమరు వచ్చాక రాయొచ్చు కదా అంటారేమో. వచ్చాక లాభం లేదు. డబ్బు పోసి కొన్నవాడికి మొదటి వారమంతా తమరి వంకర కూడా సింగారంగానే కనబడుతుంది. అనుకోవాల్సిన నాలుగు మాటలు ముందే అనుకుంటే నయం.

తమరి గుణగణాల చిట్టా చదివాం. కొమ్మలు నరుకుతారట, కారు అద్దం పగలగొడతారట, గ్లవుజు తీయకుండానే తెరుచుకుంటారట. చాలా సంతోషం. ఇక్కడ తమరికి ఇస్తున్న ఉద్యోగం మాత్రం పార్సిల్ టేపు కోయడం, ఖాళీ అట్టపెట్టెని ముక్కలు చేయడం, ప్లాస్టిక్ ట్యాగు తెంపడం, అప్పుడప్పుడూ ఓ పండు. ఈ పనులకి తమరెంత పనికొస్తారో ఆ చిట్టాలో ఒక్క ముక్క లేదు.

ముందు గోత్రం, అంటే ఉక్కు రకం సంగతి. బ్లేడు మీద లేజరుతో చెక్కించుకున్న అక్షరాలు చూసే సగం మంది పడిపోతారు. డీ2 అంటారు. దాంట్లో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, కాదనం. కానీ కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉండేసరికి క్రోమియంలో చాలా భాగాన్ని కార్బైడ్లనే గట్టి రేణువుల కింద పట్టేసుకుంటుంది, తుప్పుకి అడ్డుపడటానికి మిగిలేది తక్కువ. చెమట జేబులో నాలుగు రోజులు మరిచిపోతే గోధుమరంగు చుక్కలు తేలతాయి. 2001లో వచ్చిన ఎస్30వీ అంటారా, వనేడియం 4 శాతం. ఆ వనేడియం కార్బైడ్లు మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ రేణువుల కన్నా గట్టివి, కాబట్టి తమరికి డైమండ్ పలక కావాలి. అంటే తమరు ఒక్కరే రారు, వెంట పరివారాన్ని కూడా తెచ్చుకుంటారు. 2021లో లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త తెచ్చిన మాగ్నాకట్ ఈ తగువుని చాలావరకు తీర్చింది, అంత తేలిగ్గా తుప్పు పట్టదు, పెళుసూ కాదు. మంచి ఉక్కే. ఆర్భాటం లేని 14సీ28ఎన్ కూడా మంచిదే, మామూలు రాయి మీదే పదునెక్కుతుంది.

అయితే ఉక్కు పేరు ఒక్కటే ఉంటే ఏం లాభం? అదే ఉక్కుని కాల్చి చల్లార్చడంలో తేడా చేసి గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 58 దగ్గర వదిలేస్తే వాదర పక్కకి ఒరిగిపోతుంది, 61 దాకా తెస్తే నిలబడుతుంది. ఆ అంకె మాత్రం తమరు చెక్కించుకోరేం?

నిజానికి అడగాల్సింది గోత్రం కాదు, నడుం కొలత. బ్లేడు వెన్ను 4 మిల్లీమీటర్లు, వాదరకి సరిగ్గా పైన 0.8 మిల్లీమీటర్లు ఉన్న శరీరంతో తమరు వెంట్రుకలు గొరిగి చూపిస్తారు, కాగితం చీల్చి చూపిస్తారు. వాటికి మందం లేదు, తెగి పక్కకి పోతాయి. అట్ట పోదు. రెండు వైపుల నుంచీ బ్లేడుని బిగించి పట్టుకుంటుంది. నాలుగు వేళ్ల మేర కోశాక తమరు ఇరుక్కుంటారు. మేం బలం పెడతాం. అట్ట ఒక్కసారిగా వదిలేస్తుంది, చెయ్యి మాత్రం ఆగదు. లోపలి సరుకు మీదో, అవతల పెట్టె పట్టుకున్న ఎడమ చేతి మీదో గీత పడేది ఆ క్షణంలోనే. మాకు కావాల్సింది వెన్ను 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు, వాదర పైన 0.3 నుంచి 0.5, పదును కోణం ఒక్కో పక్క 17 నుంచి 20 డిగ్రీలు. ఇంతకన్నా లావున్నవారు కట్టెలు చీల్చే ఉద్యోగం చూసుకోగలరు.

తమరు చిన్నచూపు చూసే ఎర్రపిడి స్విస్ చాకు ఉంది కదా, 1897 నాటి ఆఫీసర్ చాకు వంశం. దాని ఉక్కు 56 రాక్‌వెల్ చుట్టుపక్కలే. తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే లాకు లేదు. బ్లేడు పలచన. అట్టలోకి మాత్రం ఎవరినీ అడగకుండా వెళ్లిపోతుంది.

ఆకారం గురించి ఎక్కువ చెప్పను. పెట్టెలు ఎక్కువ కోసేవాళ్లకి వాదర తిన్నగా, మొన కిందకి ఉండే షీప్స్‌ఫుట్ సుఖం, అన్నింటికీ ఒకటే కావాలంటే వెన్ను మెల్లగా మొన వైపు దిగే డ్రాప్ పాయింట్. లోపలికి వంపు తిరిగిన వాదరతో వచ్చే అందగాళ్లకి దూరం నుంచే దండం, చదును రాయి ఆ వంపులో ఆనదు.

ఇక లాకు. తమరి పరువూ మా వేళ్లూ రెండూ దాని మీదే ఉన్నాయి. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ మెరుగుపరిచిన లైనర్ లాకునే తీసుకుందాం. పిడి లోపలి పలచని రేకు పక్కకి దూకి బ్లేడు మడమ కింద ఆనుతుంది, అంతే. కొత్తలో ఆ రేకు మడమ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా రావాలి. అంచుకి ఆనీ ఆనకుండా ఉంటే వెన్ను మీద ఒత్తిడి పడగానే జారుతుంది. అప్పుడే అవతలి గోడ దాకా పోయి ఉంటే, అరిగిన కొద్దీ జరగడానికి చోటు లేక బ్లేడు నిలువునా కదులుతుంది. 1998లో బెంచ్‌మేడ్ కంపెనీ తెచ్చిన, అడ్డకడ్డీతో బ్లేడుని పట్టే యాక్సిస్ లాకుకి వేళ్లు బ్లేడు దారిలో పెట్టకుండానే మూసే సుఖం ఉంది. ఆ కడ్డీని నెట్టే ఒమేగా ఆకారపు రెండు స్ప్రింగులు మాత్రం సన్నని తీగలే, ఎప్పుడో ఒకటి విరగొచ్చు. రెండోది నెట్టుకొస్తుంది. ఒపినెల్ వారి కట్టెపిడి చాకుకి 1955 నుంచి తిప్పే కంకణమే లాకు. తడిస్తే పిడి ఉబ్బి, చాకు మౌనవ్రతం పడుతుంది.

లాకు ఉండటమే నేరమయ్యే చోట్లూ ఉన్నాయి సుమండీ. బ్రిటన్‌లో కారణం చూపకుండా వెంట ఉంచుకోవాలంటే 1988 చట్టం ప్రకారం లాకు లేని మడత చాకు, వాదర 3 అంగుళాల లోపు ఉండాలి. విమానం క్యాబిన్‌లోకి వెంట తేవాలని మాత్రం తమరు ఆశపడకండి.

తెరుచుకునేటప్పుడు తమరు చేసే ఆ టప్పుమనే చప్పుడు వల్ల అమ్ముడుపోయినన్ని చాకులు పదును వల్ల అమ్ముడుపోయి ఉండవు. ఆ మోజు మా బలహీనత, ఒప్పుకుంటాం. కానీ మూసి ఉన్నప్పుడు పట్టి ఉంచే చిన్న గోళీ, అదే డిటెంట్, వదులుగా ఉంటే మొన పైకి ఉండేలా జేబుకి తగిలించే క్లిప్పుతో జేబులో కొంచెం తెరుచుకుని కూర్చుంటారు. తాళాల కోసం పెట్టిన చెయ్యి రక్తంతో బయటికొస్తుంది. తలకిందులుగా పట్టి గట్టిగా విదిలించినా బ్లేడు బయటికి రాకపోతేనే జేబులోకి ప్రవేశం. 100 గ్రాములు దాటినవారికి పలచని ప్యాంటులో చోటు లేదు.

వచ్చిన రోజున తమరికి చిన్న పరీక్ష ఉంటుంది, నామోషీ పడకండి. మూసి వెలుతురుకి పట్టి చూస్తాం, బ్లేడు రెండు రేకుల మధ్యలో ఉందా అని. తెరిచి పక్కలకి ఊపుతాం. ఆడితే బ్లేడు తిరిగే ఇరుసుని, అదే పివట్ స్క్రూని, ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తాం, అంతకు మించి ఒకేసారి కాదు. బిగించాక తెరవడం బరువైతే వెనక్కి అంతే. సరిపోయాక ఆ స్క్రూకి, వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాకర్ సూదిమొనంత. ఎర్రది వద్దు, ఆ తర్వాత వేడి పెట్టందే తమరు విప్పుకోరు. వేళ్లు దారిలోంచి తీసి, వెన్నుని చెక్క మీద మెల్లగా రెండుసార్లు తడతాం. లాకు జారితే వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. బంగారు కత్తి అని గొంతు కోసుకోం కదా.

మా వైపు నుంచీ ఓ మాట. తమరి మొనతో స్క్రూలు తిప్పం, డబ్బా మూతలు ఎత్తం. ఎత్తితే విరుగుతుంది, ఏ వారంటీ పత్రమూ ఆ ముక్కని వెనక్కి అతికించదు.

ఇట్లు,
కుడి జేబు ఖాళీగా ఉంచిన ఓ కొనుగోలుదారు

తా.క.: తమరు వచ్చే పెట్టె మీద టేపు మూడు వరసలు ఉంటుందని తెలిసింది. ఎర్రపిడి ఆయన్ని గుమ్మం దగ్గరే ఉంచాం.